మిత్రుడు పోయిన పిదప మోటారు సైకిలు

సందేహములు – సమాధానములు

ఈ శీర్షికకు వచ్చు ప్రశ్నలు సాధారణముగ పంచాంగమునకు సంబంధించినవి. ఉగాది ఏ దినమున జరుపవలెను, గృహప్రవేశమునకు మూఢము అడ్డమా, సింహాద్రి అప్పన్న పూజకు ముందు ఎన్ని దినములు నియమముగ నుండవలెను, ఇట్టివి. వానికి పెద్దలు వ్రాసిపెట్టిన సమాధానములు కలవు. వెదకి చూచి చెప్పుటయే నా పని. ఈ మాసమున వచ్చిన ప్రశ్నకు మాత్రము చూచి చెప్పుటకు గ్రంథము లేదు. ప్రాణమిత్రుడు మోటారు సైకిలు ప్రమాదమున మరణించెను. తన యింటిలోను అట్టి వాహనమే యున్నది. తాను మరల దానినెక్కవచ్చునా, యెక్కరాదా యని ఇరువది నాలుగేండ్ల యువకుడొకడు వ్రాసినాడు.

ఉత్తరము సగము తెలుగున, సగము క్రియోలున నున్నది. తన పేరు, ఊరు, తండ్రి పేరు, నమస్కారములు తెలుగున. దుఃఖము వచ్చిన చోటనెల్ల క్రియోలు. అందులకు నేనాతని తప్పుపట్టను. మన యిండ్లలో ప్రార్థన యొక భాషలోను, ఏడ్పు మరియొక భాషలోను జరుగుట నేటి మాట కాదు. పేరు ప్రకటింపవలదని కోరినాడు గనుక ఊరును గూడ చెప్పను. ఉత్తరము చదివి ఊరకుండలేక వారి యింటికి పోయితిని, తల్లిదండ్రులతో మాటాడితిని. ఈ వ్రాయునది వారు చదివి సమ్మతించినదే.

విషయమిది. ఇద్దరును ఒకే యూరివారు, ఒకే పాఠశాలలో చదివినవారు. మన యువకుడు బేకరీలో పనిచేయును. వేకువజామున మూడు గంటలకు పొయ్యి దగ్గర నుండవలెను. మిత్రుడు మోటారు మరమ్మతుల దుకాణమున పనివాడు. ఇతడు అప్పుచేసి బండి కొన్ననాడు దాని యంత్రము విని, చక్రములు త్రిప్పి చూచి, బేరమాడి, ఇంటికి తెచ్చి నిలిపినవాడు ఆ మిత్రుడే. నడుపుట నేర్పినవాడును అతడే. ఒకనాటి సాయంకాలము క్యూర్‌పిప్ వైపు మెట్టభూములమీద సన్నని వాన పడుచుండగా అతడు పని ముగించుకొని వచ్చుచుండెను. ఎదురుగ వచ్చుచున్న కారొకటి కుడివైపు సందులోనికి తిరుగుచు దారికి అడ్డమైనది. ఆసుపత్రికి చేరునప్పటికే ప్రాణము లేదు. విచారణ యింకను ముగియలేదు గావున తప్పెవరిదను మాట నేనెత్తను. తలకు కాస్కు ధరించియే యుండెనట. దూకుడుగ పోవువాడు కాడని ఊరంతయు చెప్పుచున్నది.

ఉత్తరములో నన్ను ఎక్కువగ పట్టి యుంచినది ఈ తుదిమాటకు సంబంధించిన వాక్యమే. నిర్లక్ష్యముగ పోవువాడు మరణించినచో జాగ్రత్తగ పోవువారికి కొంత ధైర్యము మిగులును. జాగ్రత్తగ పోవువాడే మరణించినచో మిగిలినవారికి మిగులునదేమి, అని యాతడు అడిగినాడు. దీనికి బదులు చెప్పుటకు ముందు మరియొక విషయము చెప్పవలసియున్నది. అది ఎవరును అడుగలేదు గాని, ఆ యింటిలో కూర్చున్నంతసేపు నా కదియే కనబడెను.

మన ధర్మశాస్త్రము జ్ఞాతులకు ఆశౌచము విధించినది. పది దినములు వారు వేరుగ నుందురు, శుభకార్యములకు పోరు, వారిని చూచినవారికి ఆ యింట మృత్యువు సంభవించినదని తెలియును, ఏమి తినవలెనో, ఎప్పుడు స్నానము చేయవలెనో చెప్పుటకు ఒకరుందురు. పదియవ దినము, పదునొకండవ దినము, పండ్రెండవ దినము అని మెట్లు మెట్లుగ వారిని మరల లోకములోనికి దింపుకొని వత్తురు. దీనిలో గొప్ప లోకజ్ఞానమున్నది. కాని స్నేహితునకు ఆశౌచము లేదు. అంత్యక్రియల మరునాడే యాతడు పనికి పోవలెను. వాని దుఃఖమునకు దినములు లేవు, తెల్లబట్ట లేదు, కూర్చుండుటకు చాప లేదు. మరణించినవాని తమ్మునికి ఊరంతయు ధైర్యము చెప్పినది. ప్రక్కనే నిలిచియున్న ఈ స్నేహితుని భుజముమీద ఎవరైన చేయి వేసిరా యని యడిగితిని. ఆతని తల్లి కొంతసేపు ఆలోచించి, "మేము వీనినే పనులకు పంపితిమి తాతా, పందిరికి, కుర్చీలకు, మంచునీటికి" అనెను. అది నిజము. చావుయింటిలో స్నేహితులు పనివాండ్రగుదురు.

ఇతడు వాహనము ఎక్కలేకపోవుటకు కారణము భయమొక్కటే యని నేననుకొనను. ఏడ్చుటకు అనుమతి దొరకని దుఃఖము కాళ్లలోనికి చేతులలోనికి దిగినది. తాళపుచెవి త్రిప్పగనే చేతులు చల్లబడునని వ్రాసినాడు.

ఇక ఊరివారు చెప్పిన సమాధానములు. మొదటిది అందరికిని తెలిసినదే: తలవ్రాత. వ్రాసిపెట్టియున్నచో మంచముమీద నున్నవాడును పోవును, లేనిచో పిడుగుపడినను బ్రతుకును, కావున నిశ్చింతగ నెక్కుమని ఒక బంధువు చెప్పినాడట. ఓదార్పుగ చెప్పినచో ఈ మాట మంచిదే. చనిపోయినవాని తల్లి దగ్గర ఇంతకంటె వేరుమాట చెప్పుటకు నాకును నోరు రాదు. కాని రేపు రహదారిమీదికి పోవలసినవానికి ఈ మాట చెప్పుట మందనుకొని విషము పోయుటయే. మహాభారతమున ఆనుశాసనిక పర్వమున ధర్మరాజు భీష్ముని ఈ ప్రశ్నయే యడిగెను: దైవము గొప్పదా, పురుషకారము గొప్పదా? అప్పుడు భీష్ముడు చెప్పినదానిలో దైవము విత్తనము, పురుషప్రయత్నము క్షేత్రమను పోలిక యున్నది. చెరకు నాటి బ్రతికిన మనకు ఈ పోలికను విప్పి చెప్ప నక్కరలేదు. దున్నని నేలలో విత్తనము మొలవలేదని విత్తనమును నిందించు రైతును మన తాతలు పొలములోనికి రానీయరు.

ఆ బంధువే మరియొక మాట గూడ ననెను. మన పూర్వులు సముద్రము దాటి ఈ దీవికి వచ్చిరి, నీవు రెండు చక్రములకు జంకెదవా అని. ఈ వాదము మన సభలలో తరచుగ వినబడును గనుక చెప్పుచున్నాను. 1834 మొదలు ఒడంబడిక కూలీలుగ ఈ రేవున దిగినవారు ధైర్యప్రదర్శనమునకై ఓడ యెక్కలేదు. ఆకలివలన ఎక్కిరి, అప్పులవలన ఎక్కిరి, అబద్ధపు మాటలు నమ్మి యెక్కినవారును కలరు. భయపడుచునే యెక్కిరి. వారి పేరు చెప్పి ఒక పిల్లవాని భయమును వెక్కిరించుట వారికి గౌరవము కాదు.

రెండవ సమాధానము దీనికి సరిగ విరుద్ధము: బండిని వెంటనే అమ్మివేయుము, అది నీ మిత్రుని చేయి తగిలిన బండి, దుర్మరణము పొందినవాడు జతకొరకు వచ్చునని. తల్లి దీనిని నమ్మినది, నిమ్మకాయలు కట్టినది. నమ్మకములను నేను పరిహసింపను. నేనును క్రొత్త వాహనమునకు గుడిముందు కొబ్బరికాయ కొట్టించువాడనే. కాని బ్రతికియున్నంతకాలము ఇతనికి బ్రేకులు సరిచేసి యిచ్చిన స్నేహితుడు, మరణించిన పిదప ఇతనిని చంపుటకు వచ్చునని తలచుట ఆ చనిపోయినవానికి చేయు అన్యాయము గాదా? ఈ మాట ఆమెతో ననినప్పుడు ఆమె ఏడ్చినది. తరువాత నిమ్మకాయలు తీసివేసినదో లేదో నేనడుగలేదు.

భూతములను విడిచి యంత్రము మాట చెప్పుకొందము, ఏలయన భయపడదగినది అక్కడ నున్నది. గంటకు 60 కిలోమీటర్ల వేగమున పోవు వాహనము ఒక్క క్షణములో, అనగా గడియారము ఒక్కమారు టిక్కుమను లోపల, దాదాపు 17 మీటర్లు పోవును. ఎదుట అడ్డము కనబడి, అది అడ్డమని మనసునకు తోచి, చేయి బ్రేకును పట్టుటకు ఒకటిన్నర సెకను పట్టునని లెక్కవేసినచో అంతలోనే 25 మీటర్లు గడచిపోవును. పిమ్మట పొడినేలమీద, మంచి చక్రములతో, చక్కగ బ్రేకు వేయగలవానికి మరి 20 మీటర్లు. మొత్తము 45 మీటర్లు. అదే 40 కిలోమీటర్ల వేగమున నయినచో 25, 26 మీటర్లలో నిలుచును. వేగము రెట్టింపయినచో బ్రేకు వేసిన పిదప పోవు దూరము నాలుగు రెట్లగును. ఇది గుండెధైర్యముతో మారునది కాదు. వాన పడినచో ఇంకను పెరుగును. కారునకు నాలుగు చక్రములున్నవి గనుక జారినను నిలుచును. దీనికి చక్రము బిగిసి జారినదనగా మనుష్యుడు నేలమీద నుండును. బిగియకుండ చేయు క్రొత్త బ్రేకులు ఇప్పుడు వచ్చినవి. బండి కొనువారు రంగుకంటె ముందు వానిని గురించి విచారించుట మేలు.

మన దీవిలో దీనికి తోడు చెరకు. కోతకు ముందు చేను మనిషికంటె ఎత్తుగ నిలిచి నాలుగు దారులు కలియుచోట ఎదుటివానిని కనబడనీయదు. కోత మొదలయిన పిదప చూపు తెరచుకొనును గాని, బండ్లనుండి రాలిన గడలును, చేలబాటలనుండి చక్రములతో వచ్చిన బురదయు రహదారిమీద పడియుండును. మెట్టభూములమీద ఎండ, వాన, మంచు ఒక్క మధ్యాహ్నములోనే మారును. క్రిందినుండి పొడినేలమీద వచ్చినవాడు రెండు మలుపులు తిరుగగనే తడినేలమీద నుండును. పుట్టిపెరిగినవారికి ఇదంతయు తెలిసినదే. తెలిసినది గనుకనే మరచెదరు.

ఇప్పుడు నేనొక పరాయిదేశపు కథ చెప్పవలెను. 1935 సంవత్సరము మే మాసము 13వ తేదీన ఇంగ్లండులో డార్సెట్ ప్రాంతమున టి. ఇ. లారెన్సు అను నాతడు మోటారు సైకిలుమీద పోవుచుండెను. మొదటి ప్రపంచయుద్ధకాలమున అరబ్బు దేశములలో పనిచేసి లోకప్రసిద్ధుడైన లారెన్సు ఇతడే. సైకిళ్లమీద పోవుచున్న యిద్దరు బాలురను తప్పింపబోయి పడిపోయెను. తలకు రక్షణ లేదు. ఆరు దినములు స్మృతిలేకయుండి 19వ తేదీన మరణించెను, వయస్సు 46. ఆతనికి చికిత్స చేసిన వైద్యులలో హ్యూ కెయిర్న్సు అను మెదడు శస్త్రవైద్యుడు గలడు. రోగి పోయిన పిదప వైద్యుడు ఆ కాగితములు కట్టి ప్రక్కన పెట్టుట లోకమున సాధారణము. కెయిర్న్సు మాత్రము ఆ మరణమును విడువలేదు. మోటారు సైకిళ్లమీద పోవుచు తలదెబ్బలు తగిలినవారిని గురించి సంవత్సరములు పరిశీలించి 1941లో తన ఫలితములను ప్రకటించెను. ఆ సంవత్సరమే బ్రిటిషు సైన్యమున వార్తలు మోసికొనిపోవు సైనికులకు శిరస్త్రాణము విధింపబడెను. సామాన్యజనులకు ఇంగ్లండులో ఆ శాసనము 1973లో గాని రాలేదు. అప్పటికి కెయిర్న్సు గతించి ఇరువది యేండ్లు దాటినది. నేడు మన పిల్లలు తలమీద పెట్టుకొను కాస్కుకు, మన తెలుగునాట హెల్మెటని పిలుచుదానికి, వెనుక ఇట్టి యొక వైద్యుని పట్టుదల యున్నది. అనేక పరిశోధనలను కూర్చి 2008లో ప్రకటించిన సమీక్షలో, దీనివలన ప్రమాదమునకు లోనైనవారిలో మరణము నూటికి 42 పాళ్లు, తలదెబ్బ నూటికి 69 పాళ్లు తగ్గునని తేల్చిరి.

నూటికి నూరు కాదు. మన యువకుని మిత్రుడు మిగిలిన పాళ్లలోనివాడు. ఇది కఠినముగ నున్నను చెప్పవలసినదే. జాగ్రత్త యనునది ప్రాణమునకు వ్రాసియిచ్చిన పూచీపత్రము కాదు. తక్కెడలో ఒక ప్రక్కన వేయు తూనికరాయి. మిత్రుడు ఆ రాళ్లన్నియు వేసియుండెను. అయినను తక్కెడ రెండవ ప్రక్కకు ఒరిగినది, ఏలయన ఆ ప్రక్కన వేయునది మరియొకడు. మిగిలినవారికి మిగులునదేమియని యాతడు అడిగినదానికి నా కిన్నాళ్లకు తోచిన సమాధానమిదియే. మిగులునది మన చేతిలోని రాళ్లు మాత్రమే. అవి తక్కువయని పారవేయువాడును తప్పు, అవియే సమస్తమని నమ్మువాడును తప్పు.

రెండవ ప్రక్కన రాళ్లు వేయు ఆ మరియొకని సంగతి గూడ చెప్పవలెను. అమెరికాలో లాస్ ఏంజెలెస్ నగరప్రాంతమున హ్యారీ హర్టు అను పరిశోధకుడు తన సహాయకులతో సుమారు 900 మోటారు సైకిలు ప్రమాదములను ప్రమాదస్థలమునకే పోయి పరిశీలించి 1981లో నివేదిక ప్రకటించెను. మోటారు సైకిలును మరియొక వాహనమును ఢీకొన్న ప్రమాదములలో మూడింట రెండువంతులు ఆ రెండవ వాహనమువాడు దారి యీయకపోవుటవలన కలిగినవని తేలినది. కారు నడుపువారు ఆ మోటారు సైకిలును చూడనేలేదనియో, చూచునప్పటికే ఆలస్యమైనదనియో చెప్పిరి. వారు అబద్ధమాడినారని నేననుకొనను. సన్నని వాహనము ఎంత దూరముననున్నదో, ఎంత వేగముగ వచ్చుచున్నదో కన్ను తప్పుగ లెక్కించును. లారీకొరకు వెదకు కన్నునకు దీపమొకటి లారీగ తోచదు.

కావున ఈ ప్రశ్నకు బదులు చెప్పవలసినవాడు ఈ యువకుడొక్కడే కాదు. ఆదివారము పూజకు మన ఆలయప్రాంగణమున నిలుచు కార్లను చూచినచో, మోటారు సైకిలు కొడుకునకు వద్దని కన్నీరు పెట్టు తండ్రులే ఆ కార్లలో వచ్చినవారు. పూజ ముగియగనే ఫలహారమునకు వేళయైనదని గేటుదగ్గర కుడివైపునకు ఎట్లు తిరుగుచున్నారో నేను అరుగుమీదనుండి చూచుచునే యున్నాను. తన కొడుకు బండి అమ్మించినవాడు పరుల కొడుకునకు దారి యిచ్చుచున్నాడా? కుడివైపు తిరుగుటకు ముందు ఒకమారు చూచినది చాలదు. రెండవమారు, ఈసారి సన్ననిదానికొరకు, చూడవలెను. దానికి పట్టునది కన్ను రెప్పపాటు కంటె కొంచెమెక్కువ.

యువకులకును ఒకమాట. ఆ మిత్రుని అంత్యయాత్రలో ఆతని జతగాండ్రు ముప్పదిమంది మోటారు సైకిళ్లమీద శవవాహనమువెంట పోయిరట. అది ప్రేమ, నేను కాదనను. కాని అందులో పలువురు, ముఖము కనబడవలెనని కాబోలు, కాస్కులు చేతికి తగిలించుకొని పోయిరి. శ్మశానము గేటుదగ్గర యంత్రములను అరిపించిరి. చనిపోయినవాని తల్లి ఆ శబ్దమునకు చెవులు మూసికొన్నది. మరుసారి, అట్టి మరుసారి రాకుండుగాక, నడచిపొండు.

ఇక నిర్ణయము. నన్ను "ఎక్కు" మనియో "ఎక్కవద్దు" అనియో ఒక్కమాట చెప్పుమని తండ్రి కోరెను. ఆయన చక్కెర కర్మాగారమున పనిచేసి విరమించినవాడు, మితభాషి. బండి బాకీ ఇంకను పదునాలుగు నెలలున్నదనియు, కొడుకు జీతములో నుండి అది కట్టుచున్నారనియు ఆయన చెప్పినది మాత్రము సంకోచముతో చెప్పెను. తల్లి, "వాడు వచ్చువరకు నేను తలుపు గడియ పెట్టను, నిద్రపోను" అనెను. వేకువ మూడింటికి మన పల్లెలలో బస్సు లేదు. రాత్రి తొమ్మిదింటికే లేదు. బండి మానినచో పని మానవలెను, లేదా వేరు పని చూచుకొనవలెను. ఈ సంగతులు లెక్కలోనికి తీసికొనక "ప్రాణముకంటె ఉద్యోగము ఎక్కువా" అనుట సులభము. ఆ మాట అనువారు ఆ నెల బాకీ కట్టరు.

నేను చెప్పినది ఇది. మొదటి కొన్ని మాసములు ఏ నిర్ణయమును చేయవలదు. అమ్మవలదు, ఎక్కవలదు. దుఃఖములోనున్న మనస్సు రహదారిమీద నుండదు. కఠోపనిషత్తున శరీరమును రథముగను, ఇంద్రియములను గుఱ్ఱములుగను, మనస్సును కళ్లెముగను, బుద్ధిని సారథిగను చెప్పిరి. మోటారు సైకిలుమీద రథికుడును సారథియు ఒక్కడే. కళ్లెము చనిపోయినవాని చేతిలో నున్నప్పుడు బండి కదల్చుట తగదు. మిత్రుడు పడినచోటు దాటునప్పుడు చూపు ఆ చోటుమీదికే పోవును. మోటారు సైకిలు గుణమేమనగా చూపు ఎక్కడికి పోయిన బండియు అక్కడికే పోవును. ఇది మూఢనమ్మకము కాదు. నడుపుట నేర్పు ప్రతివాడును మొదట చెప్పు పాఠము. గుంతను చూచినవాడు గుంతలో పడును.

ఆ మాసములు గడచిన పిదప, నిద్ర కుదిరి, ఆ చోటు పేరు విన్నప్పుడు చేతులు చల్లబడుట తగ్గినచో, అప్పుడు విచారింపవలెను. అప్పుడును మొదట పని వేళ మార్చుకొన వీలగునేమో, దగ్గరి బేకరీలో దొరకునేమో చూడవలెను. అవి యేవియు కుదరక ఎక్కవలసివచ్చినచో, మిత్రుడు నేర్పినది సరిపోవునని అనుకొనక, పద్ధతిగ నేర్పువాని దగ్గర మరల మొదటినుండి బ్రేకు వేయుట నేర్చుకొనవలెను. హర్టు పరిశీలించినవారిలో నూటికి తొంబదిమందికి పైగా తమంతట తామో, ఇంటివారి దగ్గరో స్నేహితుల దగ్గరో నేర్చినవారే. ఈ వాక్యము చదివినప్పుడు యువకుడు నొచ్చుకొన్నాడు. మిత్రుని తక్కువ చేయుట నా యుద్దేశము కాదు. ఆ మిత్రునకును నేర్పినవాడు లేడనుటయే.

మానివేయ దలచినచో మానివేయవచ్చును. అందులో సిగ్గు లేదు. మిత్రునకు ద్రోహము లేదు. "వాడున్నచో నవ్వును" అని యాతడు నాతో ననెను. నవ్వునేమో. నవ్వనిమ్ము. ఎక్కుట ఆతని స్మృతికొరకు చేయు వ్రతము కారాదు. మానుట ఆతని చావునకు కట్టు సుంకము కారాదు. పనికి పోవు దారి యొకటి, అంతే. తల్లికి మాత్రము ఒకమాట విడిగ చెప్పితిని: కొడుకు మానివేసినను ఆమె తలుపు గడియ వెంటనే పెట్టజాలదని. ఆమె, "తెలుసు" అనెను.

ఆశౌచము లేని స్నేహితునకు శాస్త్రములో ఏ చోటును లేదా యని యాతడు నన్ను అడిగెను. ఉన్నది. భాద్రపద బహుళపక్షమున, మహాలయమున, తండ్రి తాతలకు తిలోదకము విడిచిన పిదప కారుణ్యపితరులను పేరు పేరున తలచుదురు. అందులో గురువునకును మిత్రునకును గూడ నీరున్నది. శతాబ్దములనాడు ఆ పట్టికలో మిత్రుని చేర్చినవాడెవడో గాని, వానికి ఒక స్నేహితుడు పోయియుండవలెను. అయితే తండ్రి జీవించియున్న కుమారునకు సాధారణముగ ఆ తర్పణాధికారము లేదు. మన యువకుని తండ్రి దీర్ఘాయుష్మంతుడగుగాక. కావున ఆ దినమున మిత్రుని తమ్ముడు నదియొడ్డున తర్పణము విడుచునప్పుడు ఇతడు ప్రక్కన నిలిచి ఇత్తడిచెంబుతో నీరు అందించును. తమ్ముడు సమ్మతించినాడు. పురోహితునితోను మాటాడితిని, అభ్యంతరము లేదనెను. ఒక్కటే చిక్కు: ఆ తమ్మునకు పదునెనిమిదేండ్లు నిండబోవుచున్నవి, అన్న బండి బాగుచేయించి తాను నడుపుదునని యింట పట్టుబట్టియున్నాడట. నదియొడ్డున ఆ సంగతి నీవే మాటాడుము నాయనా, పెద్దలము మేము చెప్పినచో వినడు అని యువకునితో చెప్పితిని. మాటాడెదనన్నాడు.